రంగం రూపాయి

తుని స్టేషన్లో నిలబడ్డ మనిషికి ఒకప్పుడు సముద్రం రెండు వైపులా ఉండేది. దిగువకు పోయే బండెక్కితే అన్నవరం, పిఠాపురం దాటి సామర్లకోట, అక్కడ బండి మారితే కాకినాడ రేవు. ఎగువకు పోయే బండెక్కితే యలమంచిలి, అనకాపల్లి మీదుగా వాల్తేరు, అక్కణ్ణించి విశాఖపట్నం రేవు. 1890ల్లో బెజవాడకీ కటకానికీ మధ్య పట్టాలు పడ్డాయి. గోదావరి, విశాఖ జిల్లాల పొలిమేరలో, తాండవ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు తమలపాకులకీ మామిడికీ పేరుపడ్డ బజారు. కానీ చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో వాన మొహం చాటేసిన ఏడు, చేతిలో పని లేని కూలివాడికి ఆ బజారుతో పనేముంది? రైలుదారుల్లో ఏది పట్టినా అతను చివరికి తేలే ఊరు ఒకటే. రంగూన్. మన జనం నోట రంగం.

ఆ రంగంలోనూ తునిలోనూ చెల్లిన రూపాయి ఒకటే. ఇరుగుపొరుగు దేశాలకు ఉమ్మడి కరెన్సీ అన్న మాట వచ్చినప్పుడల్లా మన చర్చలన్నీ యూరో దగ్గర మొదలై యూరో దగ్గరే ఆగుతాయి. మన కోస్తా ముంగిట్లో బతికి, ముక్కలై, మట్టిలో కలిసిన ఉమ్మడి రూపాయి ఒకటుంది. దాన్ని ఎవరూ తలచుకోరు. అది పోతూ పోతూ ఎవరి కొంపలు కూల్చిందో వాళ్ళు మన జిల్లాలవాళ్ళే.

మొదట ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ రూపాయి బర్మాకి స్నేహంగా వెళ్ళలేదు. 1852లో ఇంగ్లీషువాళ్ళు దిగువ బర్మాను పట్టుకున్నారు. ఎగువన మాండలేలో మిండాన్ రాజు సొంత టంకశాల పెట్టి, నెమలి బొమ్మతో వెండి నాణేలు కొట్టించాడు. వాటిని బరువులోనూ మేలిమిలోనూ మన రూపాయికి సరితూగేలా చేయించాడు. పొరుగువాడి డబ్బుతో సమానంగా నిలబడాలన్న ఒక చిన్న రాజ్యపు ఆత్మగౌరవం ఆ నెమలిలో ఉంది. 1885లో మాండలే పడిపోయింది. 1886 జనవరి 1న బర్మా మొత్తం బ్రిటిష్ ఇండియాలో ఒక భాగమైంది. నెమలి నాణెం చెలామణీ నుంచి పోయింది, విక్టోరియా రాణి ముఖం వచ్చింది. కలకత్తాలో తీర్మానించిన డబ్బును బర్మా రైతు అడిగి తెచ్చుకోలేదు.

అలా వచ్చినా, అది మెల్లగా అల్లుకుంది. తొలి రోజుల్లో కాగితం నోటుకు సరిహద్దులుండేవి. ఏ కరెన్సీ సర్కిల్లో పుట్టిన నోటు ఆ సర్కిల్లోనే చట్టబద్ధం. రంగూన్ సర్కిల్ వేరు, మద్రాసు సర్కిల్ వేరు. 1903లో ఐదు రూపాయల నోటు బర్మా మినహా దేశమంతా చెల్లేలా చేశారు. 1909లో బర్మాకీ ఆ సౌకర్యం కలిపారు. తర్వాత రెండేళ్ళలో పది, యాభై, వంద నోట్లు కూడా అలాగే అయ్యాయి. ఆ కాలపు నోటు మీద విలువ రాసిన భాషల వరసలో తెలుగూ బర్మీసూ రెండూ ఉండేవి. చదువు రాని కూలీ ఆ వరసను చదివి ఉండడు. అయినా తన లిపీ, తాను పనిచేసే దేశపు లిపీ ఒకే కాగితం మీద ఉండటం తక్కువ విషయం కాదు. అలాంటి కాగితం మళ్ళీ ఇంతవరకు అచ్చు కాలేదు.

ఆ రూపాయికి ప్రాణం పోసింది చట్టం కంటే స్టీమర్లే అంటాను. కాకినాడ రేవులో పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. సముద్రంలో దూరంగా లంగరు వేస్తే, పడవల మీద జనాన్ని తీసుకెళ్ళి ఎక్కించేవారు. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్ల డెక్కు మీద, చాపా చెంబూ మూటా పక్కన పెట్టుకుని, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పటికే ఇంట్లో ఖర్చయిపోయి, మన మనుషులు బయల్దేరేవారు. బర్మాలో వరి కోతలు, ఆ తర్వాత మిల్లు సీజను, రేవులో బియ్యం బస్తాల ఎగుమతి. 1930ల్లో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బియ్యం అమ్మింది బర్మా. ఆ బస్తాల్లో చాలావాటిని మోసింది తెలుగు భుజాలు. రంగూన్ వీధుల్లో రిక్షా లాగినవాళ్ళలోనూ మనవాళ్ళే ఎక్కువ. అక్కడి జనం వాళ్ళందరినీ కోరంగీలనేవారు, గోదావరి నోట ఉన్న పాత కోరంగి రేవు పేరు మీదుగా. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో నాలుగు లక్షల మంది ఉంటే, అందులో సగానికి పైగా భారతీయులు.

సీజను అయ్యాక చాలామంది తిరిగొచ్చేవారు. రానివాళ్ళు మనియార్డరు పంపేవారు. రంగూన్ పోస్టాఫీసులో కట్టిన పది రూపాయలు పల్లెలో పది రూపాయలుగానే చేతికి అందేవి. మారకం రేటు లేదు, మార్చిపెట్టే షరాబు లేడు, మధ్యలో తరుగు లేదు. మేస్త్రీ కమీషను, వడ్డీ, బ్యారక్కు అద్దె మిగిలిన రక్తం పీల్చేవి, అది వేరే లెక్క. ఆ బ్యారక్కుల్లో మనుషుల్ని ఎలా కుక్కారో, వలస కూలీల రక్షణ శాఖలో పనిచేసిన ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో అచ్చేసిన పుస్తకంలో వివరంగా రాశాడు. కానీ డబ్బు మటుకు, డబ్బుగా, నిజాయితీగా ప్రవర్తించింది.

1961లో రాబర్ట్ మండెల్ అనే ఆర్థికవేత్త ఒక వ్యాసం రాశాడు. వేర్వేరు ప్రాంతాలకు ఒకే కరెన్సీ నప్పాలంటే, పని లేని చోటి నుంచి పని ఉన్న చోటికి మనుషులు స్వేచ్ఛగా కదలగలగాలి అన్నది అందులోని కీలకమైన మాట. తర్వాత ఆయనకు నోబెల్ వచ్చింది, యూరో గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ ఆ వ్యాసం పేరెత్తుతారు. ఆయన కలం పట్టడానికి అర్ధశతాబ్దం ముందే ఆ షరతును మన కూలీలు ఏటేటా సముద్రం దాటి నెరవేర్చారు. అయినా ఆ రూపాయి నిలబడలేదు. ఎందుకు నిలబడలేదన్నదే నన్ను వదలని ప్రశ్న.

నా మటుకు నాకు దొరికిన జవాబు ఇది. డబ్బు ఉమ్మడిదే, దాని మీద మాట మాత్రం ఉమ్మడిది కాదు. 1927లో రూపాయి విలువను ఒక షిల్లింగు ఆరు పెన్నీల దగ్గర కట్టేశారు. ఆ రేటు ఎక్కువని, రైతును ముంచుతుందని ఇండియాలోనే గొడవ జరిగింది. బర్మా వడ్ల రైతును అడిగినవాడు లేడు. 1930లో ప్రపంచమంతా ధరలు పడిపోయినప్పుడు వడ్ల ధర దాదాపు సగానికి కూలింది. రూపాయి మాత్రం కదల్లేదు. అంటే అప్పు కదల్లేదు. నిన్న వంద బస్తాలమ్మితే తీరే అప్పు ఇవాళ దాదాపు రెండు వందల బస్తాలమ్మితే గాని తీరదు. అప్పిచ్చిన చెట్టియార్ల చేతికి పొలాలు వెళ్ళిపోయాయి. 1930లో దిగువ బర్మా ముఖ్య వరి జిల్లాల్లో వాళ్ళ కింద ఉన్న భూమి నూటికి ఆరు వంతులు. 1938 నాటికి పాతిక వంతులు. ఎనిమిదేళ్ళలో ఆ వరి భూమిలో ఇంచుమించు ఐదో వంతు చేయి జారిపోతే ఏ రైతుకు కడుపు మండదు? ధరలు కూలిన ఆ ఏడే, 1930 డిసెంబరులో, థారావాడీలో సయా సాన్ నాయకత్వాన రైతుల తిరుగుబాటు లేచింది.

ఆ మంట మొదట తగిలింది వడ్డీ వ్యాపారికి కాదు, తెలుగు కూలీకి. అదే ఏడు మే నెలలో రంగూన్ రేవు కూలీలు కూలి పెంచమని పని ఆపారు. ఓడల కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మీయుల్ని పెట్టుకున్నాయి. తర్వాత రాజీ కుదిరి పాత కూలీల్ని వెనక్కి పిలిచాయి. మే 26 ఉదయం పనికి వచ్చిన బర్మా కూలీలకు మీరు అక్కర్లేదన్నాయి. ఇద్దరు బీదవాళ్ళను ఒకే గేటు దగ్గర నిలబెట్టి ఒకరి మీదికి ఒకర్ని తోలిన పని అది. రోజుల తరబడి వీధుల్లో కోరంగీల కోసం వేట సాగింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి, చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. కూలి రేటు నిర్ణయించిన కంపెనీవాడికి గాని, రూపాయి రేటు నిర్ణయించిన లండన్ దొరకి గాని గోరంత గాయం కాలేదు.

ఉమ్మడి రూపాయి పతనం ఆ వీధిలో మొదలైందని నేననుకుంటాను. మిగిలిందంతా కాగితాల మీద జరిగింది.

1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. అంతకు రెండేళ్ళ ముందే పుట్టిన రిజర్వు బ్యాంకుకు రంగూన్లో శాఖ ఉండేది. విడిపోయాక కూడా బర్మాకి అదే కేంద్ర బ్యాంకు. లాభాల్లో బర్మా ప్రభుత్వానికి వాటా ఇచ్చే ఏర్పాటుతో కొత్త సంసారం మొదలైంది. అప్పటికే ఉన్న నోట్ల మీద బర్మాలో మాత్రమే చెల్లును అని ముద్ర గుద్దారు. మరుసటి ఏడు బర్మాకి ప్రత్యేకంగా నోట్లు వేశారు. విలువ ఒకటే, రూపాయికి రూపాయి. కానీ చట్టం ప్రకారం ఆ నోటు తుని బజారులో నోటు కాదు. వెండి నాణెం ఒక్కటే అటూ ఇటూ పాత చుట్టరికం నిలబెట్టింది. తపాలా బిళ్ళల మీద కూడా అప్పుడే బర్మా అన్న ముద్ర పడింది.

ఆ ఏర్పాటులో తెలివి లేకపోలేదు. రెండు ప్రభుత్వాలు, రెండు నోట్లు, ఒక బ్యాంకు, ఒక విలువ. నేటి నిపుణులు ఉమ్మడి కరెన్సీకి మెట్లు కట్టమంటే ఇంచుమించు ఇలాంటిదే కడతారు. డబ్బుకు సంబంధించి అన్నీ రాసుకున్నారు. మనుషుల గురించి రాసుకున్నది ఇంకో కాగితం. 1941 జులైలో కుదిరిన ఇండో–బర్మా వలస ఒప్పందం పర్మిట్లూ ఆంక్షలూ పెట్టింది. తరతరాలుగా అక్కడ చెమటోడ్చినవాళ్ళను అపరిచితుల్ని చేసిందని గాంధీ దాన్ని తీవ్రంగా తప్పుపట్టారు. ఆ తగాదా తేలకముందే జపాన్ విమానాలు వచ్చాయి.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. మళ్ళీ 25న. రేవు ఖాళీ అయింది. ఓడ దొరికినవాళ్ళు ఎక్కారు. ఓడ దొరకనివాళ్ళు నడిచారు. ప్రోము నుంచి కొండలు దాటి అరకాన్ తీరానికి కొందరు, చింద్విన్ దాటి తాము అనే ఊరి మీదుగా మణిపురానికి కొందరు, హుకావాంగ్ లోయ బురదలో అస్సాముకు మరికొందరు. తెల్లవాళ్ళకు ఒక దారి, నల్లవాళ్ళకు ఒక దారి కేటాయించారని అప్పుడే గగ్గోలు పుట్టింది. ఇంచుమించు ఐదు లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు. కలరా, ఆకలి, జ్వరం వేల మందిని దారిలోనే ఆపేశాయి. ఎంతమందో లెక్క రాసినవాడు లేడు, అంచనాలే ఉన్నాయి. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది.

ఇటు ఒడ్డున ఏముంది? ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయి. తునికి అటూ ఇటూ ఉన్న రెండు రేవులూ ఒకే రోజు దెబ్బతిన్నాయి. పట్నాలు వదిలి జనం లోపలి ఊళ్ళకు పరుగెత్తుతున్న వేళ, బర్మా నుంచి బతికి బయటపడినవాళ్ళు ఈ తీరానికి చేరుకుంటున్నారు. రంగూన్లో ఒకరి దగ్గర దాచింది, మేస్త్రీ దగ్గర నిలిచిపోయిన కూలి, వేసుకున్న గుడిసె, ఇవన్నీ అక్కడే ఉండిపోయాయి. ఉమ్మడి డబ్బు మొదటిసారి వాళ్ళ చేతిలో బూడిద కావడం అప్పుడే.

అక్కడే మిగిలిపోయినవాళ్ళకు జపాన్ వాళ్ళు కొత్త రూపాయలిచ్చారు. వాటి మీద వరస నంబరు కూడా లేదు, బి అనే అక్షరంతో మొదలయ్యే గుర్తు తప్ప. పేరు రూపాయే. వెనక బంగారం లేదు, వెండి లేదు, పూచీ లేదు. మూడేళ్ళు ఆ కాగితాలకే వడ్లు కొలిచారు, వాటికే కూలి చేశారు. 1945లో బ్రిటిష్ సేన తిరిగొచ్చి ఆ నోట్లు చెల్లవని ప్రకటించింది. మూడేళ్ళ కష్టం ఒక్క ప్రకటనతో చెత్త అయింది. ఈ దెబ్బ బర్మా రైతుకూ తెలుగు కూలీకీ సమానంగా తగిలింది. వాళ్ళిద్దరూ నిజంగా పంచుకున్నది ఇదే.

తర్వాతి అధ్యాయం తొందరగా నడిచింది. ముందు సైనిక పాలన ముద్రతో నోట్లు, 1947 ఏప్రిల్ నుంచి బర్మా కరెన్సీ బోర్డు ముద్రతో నోట్లు. రిజర్వు బ్యాంకు బంధం అక్కడితో తెగింది. అదే ఏడు బర్మా వలస చట్టం వచ్చింది. 1948 జనవరి 4న బర్మాకి స్వాతంత్ర్యం. 1952 జులై 1న రూపాయి స్థానంలో చాట్ వచ్చింది, ఒకటికి ఒకటి లెక్కన. మిండాన్ నాణెం పేరు తిరిగి బతికింది. బర్మీయులకది న్యాయమైన పండుగ, దాన్ని తప్పుపట్టే మనసు నాకు లేదు. కానీ రంగూన్ నుంచి తుని పక్క పల్లెకు డబ్బు పంపడం ఇప్పుడు విదేశీ మారకం వ్యవహారం. అనుమతులు కావాలి, అనుమతులు బిగుసుకుపోతూ వచ్చాయి. అమ్మకి బియ్యానికి డబ్బు పంపాలంటే ఒక ప్రభుత్వాన్ని అడగాలి.

1962 మార్చిలో జనరల్ నె విన్ అధికారం పట్టాడు. మరుసటి ఏడు బ్యాంకులు జాతీయమయ్యాయి. 1964 మార్చిలో దుకాణాలు ప్రభుత్వపరమయ్యాయి, చిన్న చిన్న కొట్లతో సహా. ఆ ఏడు మే 17న యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. కొంత మేరకే తిరిగి ఇస్తామన్నారు. బ్యాంకును నమ్మనివాళ్ళు, బ్యాంకు గడప తొక్కనివాళ్ళు పెద్ద నోట్లే ఇంట్లో దాచుకుంటారు. యుద్ధం తర్వాత మళ్ళీ వెళ్ళి, మళ్ళీ కూడబెట్టి, ఇరవై ఏళ్ళ చెమటను ఆ నోట్లలోకి మార్చుకున్న తెలుగువాళ్ళెందరో. ఆ దశకంలో దాదాపు మూడు లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. ఓడల్లో మద్రాసులోనూ విశాఖపట్నంలోనూ దిగారు. నగా నట్రా దాటనివ్వలేదు, డబ్బు దాటనివ్వలేదు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు వెలసింది. అక్కడ దిగిన పిల్లల్లో చాలామంది పుట్టింది బర్మాలో. వాళ్ళకి ఇంటి భాష తెలుగు, వీధి భాష బర్మీసు, జేబులో రెండు దేశాల డబ్బుల్లో ఏదీ లేదు.

రూపాయి ఒక్క బర్మాతోనే తెగిపోలేదు. దేశ విభజన తర్వాత కొద్ది నెలలు పాకిస్తాన్‌కు కూడా రిజర్వు బ్యాంకే నోట్లిచ్చింది, 1948 జులైలో వాళ్ళ స్టేట్ బ్యాంకు వచ్చేవరకు. 1949 సెప్టెంబరులో మనం రూపాయి విలువ తగ్గించాం, వాళ్ళు తగ్గించలేదు. జనుము పండే తూర్పు బెంగాలుకీ జనుము మిల్లులున్న కలకత్తాకీ మధ్య వ్యాపారం గడ్డకట్టింది. గల్ఫులో కువైట్, బహ్రెయిన్, ఖతార్ వంటి చోట్ల మన రూపాయే నడిచేది, 1959లో వాటికోసం ప్రత్యేక నోట్లు కూడా వేశారు. 1966 జూన్ 6న ఢిల్లీ రూపాయి విలువను ఒక్కసారిగా తగ్గించేసరికి, అప్పటికి దాన్ని వాడుతున్న ఎమిరేట్లు దాన్ని వదిలేసుకున్నాయి. వాళ్ళ జేబులోని డబ్బును వాళ్ళని అడక్కుండానే మనం చిన్నది చేశాం. లండన్ మనకు చేసింది మనం వాళ్ళకు చేశాం.

అందుకే, 2003–04 ప్రాంతంలో ప్రధాని వాజపేయి దక్షిణాసియాకు ఉమ్మడి కరెన్సీ గురించి మాట్లాడినప్పుడు ఆ ఆశ పెద్దదే అయినా పొరుగు దేశాలు ఎందుకు తటపటాయించాయో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఈ ప్రాంతంలో ఒక దేశం మిగిలిన వాటన్నిటికంటే ఎన్నో రెట్లు పెద్దది. ఉమ్మడి బ్యాంకులో దాని మాటే చెల్లితే, చిన్న దేశానికి 1930 నాటి బర్మా రైతు గతే. నేపాల్ తన రూపాయిని 1.60కి ఒకటి లెక్కన మన రూపాయికి కట్టుకుంది, భూటాన్ ఒకటికి ఒకటి కట్టుకుంది. ఆ కట్టు మూడు దశాబ్దాలకు పైగా నిలిచింది. ఆ రెండు దేశాల మనుషులు వీసా లేకుండా ఇక్కడికొచ్చి పని చేసుకోగలరు. అది కాకతాళీయమని నేననుకోను. యూరో చూసినా అంతే. 2015లో గ్రీసులో బ్యాంకులు మూసి రోజుకు అరవై యూరోలకు మించి తీయనివ్వలేదు. ఆ దేశం తన డబ్బు విలువను తగ్గించుకునే దారి లేక నలిగింది. కానీ జర్మనీలో పని వెతుక్కున్న గ్రీకు యువకుణ్ణి ఎవరూ అడవి దారిన తరమలేదు, అతను కూడబెట్టిన యూరోను చెల్లదనలేదు. మన రూపాయికి లేనిదీ ఆ యూరోకి ఉన్నదీ అదే.

2022 జులైలో రిజర్వు బ్యాంకు విదేశీ వ్యాపారాన్ని రూపాయల్లో పరిష్కరించుకునే వీలు కల్పించింది. 2024 జనవరిలో, ఇప్పుడు మయన్మార్ అని పిలిచే ఆ బర్మాతో రూపాయి–చాట్ చెల్లింపులకు పంజాబ్ నేషనల్ బ్యాంకు ద్వారా దారి తెరిచారు, ముఖ్యంగా కందులూ మినుముల కోసం. మన ఇడ్లీల్లో పడే మినుముల్లో ఎంతో కొంత ఇప్పటికీ రంగం వైపు నుంచే వస్తుంది. ఆ వ్యాపారం సాగాలి, పెరగాలి. కానీ మరుసటి నెల, ఫిబ్రవరిలో, ఆ దేశంతో ఉన్న 1,643 కిలోమీటర్ల సరిహద్దు పొడవునా ఇరువైపుల జనం స్వేచ్ఛగా రాకపోకలు సాగించే ఏర్పాటును ఎత్తేస్తున్నట్టు కేంద్ర హోంశాఖ ప్రకటించింది. అక్కడి అంతర్యుద్ధం, ఆయుధాలు, మత్తుమందులు కారణాలుగా చూపారు. ఆ కారణాలు కల్పితాలని నేననను.

రేపెప్పుడో ఈ రెండు దేశాలో, వీటితోపాటు మరికొన్నో, ఒకే డబ్బు గురించి కూర్చుని మాట్లాడితే రేట్లూ నిల్వలూ లాభాల వాటాలూ నిపుణులు చూసుకుంటారు. వాళ్ళ ముందు నేను పెట్టేది ఒకే ఒక్క షరతు, దాన్ని మొదటి పేజీలోనే రాయమంటాను. పని కోసం దాటిన మనిషి చేతిలోని నోటూ, పోస్టాఫీసులోని పొదుపూ, రావలసిన కూలీ, ఒప్పందం తెగిన రోజున కూడా అతని ఊళ్ళో ముఖవిలువకు తగ్గకుండా చెల్లించాలి, ఆ పూచీ రెండు ప్రభుత్వాలూ కలిసి మోయాలి.